డాలు మీద పాదాలు

నీళ్లు ఇంత చల్లగా ఉంటాయని ఎవరూ చెప్పలేదు. కాదు, చెప్పే ఉంటారు. ఈ వేసవంతా ఓనెకాకు ఏదో ఒకటి చెప్పనివాళ్లెవరని? ఎలా నిలబడాలో ఒకరు, ఎటు చూడాలో ఒకరు, నవ్వకూడదని ఒకరు, అలాగని మరీ బిగుసుకుపోతే రాతిబొమ్మలా ఉంటావని ఇంకొకరు. అన్నీ విని, అన్నీ మరిచిపోయి, ఇప్పుడిలా చర్చి పక్కగదిలో రాతి అరుగు మీద కూర్చుంది. రెండు పాదాలూ రాగి పళ్లెంలో పెట్టుకుంది. కొండ ఊట నీళ్లకు వేళ్లన్నీ నత్తల్లా ముడుచుకుపోతుంటే వచ్చే నవ్వును బుగ్గల్లో దాచుకుంటోంది. నవ్వకూడదు. నాన్న పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పైగా పాదాలు కడుగుతున్నది తోదా అత్త. నాన్నకు అక్క, జీవితంలో సగానికి పైగా కన్యాస్త్రీల మఠంలో గడిపిన మనిషి. ఇంట్లో ఆడవాళ్లలో పెద్దది కాబట్టి, అల్దుయా రాజ్యానికి రాజు కాబోయేవాళ్ల పాదాలు ఆమే కడగాలి. ఇవాళ్టిలాగా ఆ రాజు ఆడది అయినా సరే, వట్టి కాళ్లతోనే డాలు ఎక్కాలి. ఆ పెద్ద డాలు అంచు చుట్టూ ఇనప కడియాలుంటాయి, లోయకొకటి. ఏ లోయ దొర ఆ లోయ కడియం పట్టుకుని భుజాలదాకా ఎత్తుతాడు. డాలు నేల విడిచిన క్షణాన దాని మీద ఎవరి పాదాలుంటే వాళ్లే రాజు. కిరీటం, నూనె, బిషప్పుగారి ఆశీర్వాదం, అవన్నీ మైదానాల రాజ్యాల ముచ్చట్లు. ఈ కొండల్లో పాదాలే.

“వాడి పాదాలు మాత్రం ఎక్కనివ్వకు,” అంది అత్త, తల ఎత్తకుండానే, మడమ మీద ఏదో మట్టి ఉన్నట్టు బొటనవేలితో రుద్దుతూ.

“ఎవరి పాదాలు?”

“ఎవరివో నీకు తెలీదూ? పొద్దున లేచి ఎవడి మొహం చూసి ఇకిలిస్తున్నావో, వాడివి. నాలుగు పాదాలెక్కితే రాజు ఒక్కడే అవుతాడే పిల్లా. ఆ ఒక్కడూ నువ్వు కాదు.”

అంతే. పళ్లెం ఎత్తుకుని వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. తడి తుడవకూడదు, దానంతటదే ఆరాలి. ఆరేదాకా కాళ్లు నేలకు ఆనించకూడదు, నోరు విప్పి ఒక్క మాటా మాట్లాడకూడదు, ఎవరితోనూ. లోపల సన్యాసులు కీర్తనలు పాడుతుంటారు, ఇక్కడ కాబోయే రాజు ఆలోచించుకోవాలి. ఏం ఆలోచించుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ చలికాలం మొదట్లో, ఈ రాతిగదిలో, తడి ఎప్పటికి ఆరేను? నాన్న వేసవిలో ఎక్కాడట డాలు, చిటికెలో ఆరిపోయి ఉంటాయి ఆయన కాళ్లు. ఆలోచించుకునే తీరికే దొరికి ఉండదు, అందుకే అంత మంచి రాజయ్యాడేమో. ఓనెకా తన పాదాల వంక చూసుకుంది. ఎర్రగా, బొబ్బరి గింజల్లాంటి వేళ్లతో, ఎవరివో పరాయివాళ్లవిలా ఉన్నాయి. ఎడమకాలి చిటికెనవేలు ఎప్పుడూ పక్కదాని మీదికెక్కి కూర్చుంటుంది. దాన్ని చూసే ఆర్నో, పెళ్లయిన కొత్తలో, అంటే మొన్న మొన్ననే, ద్రాక్ష కోతలప్పుడు, “ఇదేంటి, ఇది నీ మాట వినదా?” అని అడిగి, దాన్ని పట్టుకుని దాని చోట పెట్టి, వదలగానే అది మళ్లీ ఎక్కేస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. ఒక రాజు కూతురు, నెలల తరబడి గుర్రం మీద లోయలన్నీ తిరిగి ముసలి దొరలతో కొట్లాడి గెలిచిన మనిషి, ఒక చిటికెనవేలి కోసం అలా పకపకా నవ్వొచ్చునా? కానీ నవ్వింది. ఇకిలిస్తున్నావని అత్త అంటే కోపం రావాలి, రావడం లేదు, నిజమే కదా అనిపిస్తోంది.

ఏ బట్టతలవాడో, పళ్లూడినవాడో వస్తాడనుకుంది. కొండలకు అవతల, ఉత్తరాన, ఒక కౌంటుగారి చివరి కొడుకు. పెళ్లి చేసుకుంటే అతని అన్నగారు కనుమ కాయడానికి విలుకాళ్లను పంపుతాడు. మనిషి ఎలా ఉంటాడని ఆమె అడగనే లేదు, విలుకాళ్లు ఎలా ఉంటారనే అడిగింది. తీరా చూస్తే ఇతను వచ్చాడు, చెవులు కొంచెం పెద్దవి, ఇక్కడి భాష సగం సగం, గొర్రెపాల జున్ను మొదటిసారి నోట్లో పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుని, ఉమ్మేస్తే మర్యాద కాదని మింగి, “ఇది బతికుందా?” అని అడిగాడు. ఇప్పుడు పొద్దున్నే అదే కావాలంటాడు. అతను పక్కన పడుకుంటే అతని కాళ్లు ఎప్పుడూ వెచ్చగా ఉంటాయి, ఆమెవి ఎప్పుడూ మంచుగడ్డలు, అతని పిక్కల మీద పెట్టేస్తుంది, అతను కెవ్వుమంటాడు కానీ జరగడు. జరగకపోవడం. అదే, దాన్ని ఏమంటారో ఆమెకు తెలీదు. దానికి ఒక రాజ్యం ఇవ్వొచ్చా? ఛీ, ఏం ఆలోచన ఇది, చర్చిలో కూర్చుని.

నిన్న సాయంత్రం పొయ్యి దగ్గర అక్రోటు కాయలు కొడుతూ, పప్పు విరక్కుండా రెండు బద్దలూ కలిసి వచ్చేలా కొట్టడం అతనికి గొప్ప, అలా వచ్చినదాన్ని ఆమె అరచేతిలో పెట్టి అన్నాడు, రేపు నేను నీ వెనకాల నిలబడి నడుం పట్టుకుంటానటగా, నువ్వు పడిపోకుండా. అంతే అన్నాడు. మామూలుగా అన్నాడు. మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుంటానన్నట్టు అన్నాడు. ఆమె పప్పు నోట్లో వేసుకుని, నమిలి, “చూద్దాం” అంది. అతనికి తెలుసా? తెలిసే అన్నాడా? అతని దేశంలో కత్తి చేతిలో పెడితే దొరవుతాడు, పాదాల సంగతి అక్కడెవరికీ తెలీదు. కానీ వచ్చి ఇన్నాళ్లయింది, గుర్రాలు తోమేవాళ్లూ, వంటవాళ్లూ, పొద్దస్తమానం ఆ డాలు గురించే మాట్లాడుకుంటుంటే చెవిన పడదా? ఆ పెద్ద చెవుల్లో? తెలిసి తెలియనట్టు అన్నాడంటే అతను ఆమె అనుకున్న మనిషి కాదు. తెలియక అన్నాడంటే అతన్ని ఎక్కనివ్వకపోవడం, అదీ జనమందరి ముందు, పసివాణ్ని చెంపదెబ్బ కొట్టినట్టు. నిన్ననే అడిగేయాల్సింది. అడగడానికి నోరు తెరిచింది కూడా. అంతలో అతను ఇంకో పప్పు, మళ్లీ విరక్కుండా, చూడు చూడు అంటూ చూపించాడు. ఆ సంబరం చూసి అడగలేకపోయింది. రేపు అడుగుదాంలే అనుకుంది. రేపు అంటే ఈ గది, ఈ తడి కాళ్లు, ఈ మూసిన నోరు అని గుర్తులేదు.

కీర్తన ఎక్కడో మధ్యలో ఆగి మళ్లీ ఎత్తుకుంది. ఎవరో సన్యాసికి జలుబు, ప్రతి పాదం చివరా ముక్కు ఎగపీలుస్తున్నాడు. తోదా అత్త ఎక్కిన రోజున కూడా ఇలాగే పాడి ఉంటారు. అవును, అత్త ఎక్కింది ఈ డాలు. తాతకు మొదట పుట్టింది ఆమే, ఓనెకా నాన్న అప్పటికి నడక నేర్చుకుంటున్న పసివాడు. ఆడమనిషి కదా, డాలు ఊగితే పడిపోతుందని మొగుణ్ని వెనక నిలబెట్టారు. మంచివాడేనట ఆయన, పాటలు పాడేవాడట. మర్నాటి నుంచి దొరలు తీర్పులకోసం ఆయన దగ్గరికే వెళ్లారు. ఆయన పాపం, ఆవిణ్ని అడగండి అని చెప్పేవాడట మొదట్లో. తర్వాత చెప్పడం మానేశాడట. కొన్నేళ్లకు వేటలో అడవిపంది కుమ్మి చచ్చిపోతే, దొరలందరూ నల్లబట్టలు వేసుకుని వచ్చి, రాజుగారు పోయారమ్మా అన్నారట అత్తతో. రాజును నేనున్నానుగా అందట అత్త. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట, పిచ్చిదాన్ని చూసినట్టు జాలిగా. ఆ నెలలోనే ఆమె తమ్ముణ్ని, ఇంకా మీసం రాని కుర్రాణ్ని, డాలు మీద ఎత్తేశారు. అత్తను మఠానికి పంపించారు. ఆ తమ్ముడే ఓనెకా నాన్న. నాన్న ఏటా మఠానికి బండినిండా ఆపిల్ కల్లు పంపేవాడు, అక్క మీద ప్రేమో, తప్పు చేశానన్న గుబులో. అత్త ఏటా దాన్ని గేటు బయటే పారబోయించేది. ఆ వాసనకు మఠం చుట్టుపక్కల కందిరీగలు వాలి, సన్యాసినులందరూ అత్తను తిట్టుకునేవాళ్లు. ఆ అత్త ఇవాళ వచ్చి తమ్ముడి కూతురి కాళ్లు కడిగి, వాణ్ని ఎక్కనివ్వకు అంది. ఎందుకంది? నాకు జరిగింది నీకు జరక్కూడదనా? లేక నాకు లేని రాజ్యమూ, నాకు మిగలని మొగుడూ, నీకు రెండూ ఎందుకుండాలనా? ఆర్నోను కాదంటే అతను అలుగుతాడు, అతను అలిగితే అన్నగారి విలుకాళ్లు కనుమ దిగి వెళ్లిపోతారు, విలుకాళ్లు పోతే, డాలు నాదన్న బెలాస్కో ఊరుకోడు. అత్తకు ఇదంతా తెలియదా? అన్నేళ్లు గోడలమధ్య కూర్చుని ఇంకేం ఆలోచించి ఉంటుంది? కానీ పాదం రుద్దుతున్నప్పుడు ఆ చేతులు. గరుకుగా ఉన్నాయి. గట్టిగానూ ఉన్నాయి. ఎడమకాలి చిటికెనవేలు దగ్గరికొచ్చేసరికి మెల్లగా, అది పక్కదాని మీది నుంచి జారకుండా, దాన్ని అలాగే ఉండనిచ్చి కడిగాయి. పగబట్టిన చేతులు అలా కడుగుతాయా? ఏమో, మఠంలో రోజూ ఎందరి కాళ్లు కడిగిందో, అలవాటు అయి ఉంటుంది.

బెలాస్కో. చిన్నాన్న కొడుకు, తమ్ముడి వరస, పైలోయకు దొర. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మంచులో జారేవాళ్లు, వాడెప్పుడూ ముందు కూర్చుంటాననేవాడు. నాన్న పోగానే మగపిల్లాణ్ని నేనుండగా అక్క ఎక్కడమేమిటన్నాడు. సగం దొరలు అటు, సగం ఇటు. అప్పుడు ఓనెకా గుర్రమెక్కింది. లోయ తరవాత లోయ. ఏ ఇంట్లో ఏం పెడితే అది తింది, ఎంత పోస్తే అంత తాగింది. ఒకచోట రెండూళ్ల మధ్య గడ్డిమైదానం తగాదా, తాతల కాలం నాటిది, మేకలు మేపేవాళ్లు ఒకరైతే గొర్రెలు మేపేవాళ్లు ఇంకొకరు. వానలో సరిహద్దు రాయి మీద కూర్చుని పొద్దు గుంకేదాకా విని, చివరికి మంచు కరిగేదాకా మీది, కరిగాక వాళ్లది అంది. అందరూ నోరు మూసుకున్నారు. ఆ నోరు మూసుకోవడం విన్నప్పుడు, వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేనప్పుడు, ఆమె కడుపులో ఏదో వెచ్చగా తిరిగింది. నాన్న కోసం, వంశం కోసం, ప్రజల కోసం అని అందరికీ చెప్పింది, తనకూ చెప్పుకుంది. అబద్ధం కాదు కానీ నిజమూ కాదు. ఆమెకు ఇష్టం. తను అంటే జరగడం ఆమెకు ఇష్టం. వేడి రొట్టె మీద తేనె ఇష్టమైనట్టు, ఆర్నో పిక్కల మీద కాళ్లు పెట్టుకోవడం ఇష్టమైనట్టు, ఇదీ ఇష్టం. ఇందులో సిగ్గుపడాల్సిందేమైనా ఉందా? ఉందేమో. రెండూ కావాలనుకోవడంలో ఉందేమో.

దొరల్లో పెద్దవాడు షెమెనో తాత. డాలు ఆయన ఇంట్లోనే ఉంటుంది, తోదా అత్తను ఎత్తినప్పుడు ఆయనా ఒక కడియం పట్టుకున్నాడు. ఆయనే మధ్యవర్తిత్వం నడిపాడు. పెళ్లి చేసుకుంటే దొరలు ఒప్పుకుంటారన్నాడు. చేసుకుంది. బెలాస్కో కూడా ఒప్పుకుని, అక్కను ఎత్తుతానని అందరిముందూ ప్రమాణం చేశాడు. అన్నీ అయ్యాక, వారం కిందట, మీసం నిమురుకుంటూ, “నీ పేరే పిలుస్తాం తల్లీ, ఆయన ఊరికే వెనకాల నిలబడతాడు, పట్టుకోవడానికి,” అన్నాడు తాత. ఊరికే. అత్తతో కూడా ఊరికే అనే అని ఉంటాడు. అప్పుడు కూడా చూద్దాం అంది ఓనెకా. తాతతో చూద్దాం, మొగుడితో చూద్దాం. చూడ్డానికి ఇంక ఎంతసేపు మిగిలింది? కుడి పాదం ఆరింది. ఎడమదాని వేళ్ల సందుల్లో ఇంకా తడి. ఆరకుండా ఉంటే బాగుండు. ఆకలి. రాత్రి నుంచి ఏమీ తినకూడదు, పొట్టలో కప్ప ఉన్నట్టు చప్పుడు చేస్తోంది, ఇంత గొప్ప విషయం ఆలోచిస్తుంటే మధ్యలో తేనె వేసిన పెరుగు గుర్తుకొస్తోంది, మట్టి గిన్నెలో, పైన మీగడతో.

గోడలో చిన్న కిటికీ, చెక్క తలుపుతో. దాని అవతల ఎవరో గోకారు.

“ఓనెకా. ఆకలేస్తోందా?”

అతనే. గుండె, ఛీ, ఎగిరింది, కుక్కపిల్లలా. ఆమె నోరు తెరిచి మూసుకుంది.

“ఓ, మాట్లాడకూడదు కదూ. నేను మాట్లాడొచ్చు, నా కాళ్లెవరూ కడగలేదు. గోడ మీద కొట్టు. ఒకసారి కొడితే అవును, రెండుసార్లయితే కాదు. ఆకలేస్తోందా?”

ఆమె గోడ మీద వేలి కణుపుతో ఒకసారి కొట్టింది. నవ్వొస్తోంది. ఇది తప్పా? మాట కాదుగా.

“నాకూనూ. భయమేస్తోందా?”

ఒకటి. ఆగి, రెండు. ఆగి, మళ్లీ ఒకటి.

“అదేం లెక్క?” అవతల అతను నవ్వడం వినిపించింది, తర్వాత నవ్వు ఆగడం కూడా వినిపించింది. “ఇదుగో, మీ ముసలాయన నన్ను బూట్లు విప్పి రమ్మంటున్నాడు. ఎందుకు? లోపల నేలంతా మంచుగడ్డలా ఉంది.”

ఎందుకు అంటే ఎన్నిసార్లు కొట్టాలి? ఆమె వేలు గోడ దగ్గర గాలిలో ఆగిపోయింది. అవును కాదుల్లో లేని జవాబు. అడిగాడంటే తెలీదనేగా? లేక తెలిసి, నేను విప్పితే నీకు ఫరవాలేదా అని అడుగుతున్నాడా, మర్యాదగా, జున్ను మింగినంత మర్యాదగా? నోరు విప్పితే, ఒక్క మాట చాలు, కానీ విప్పితే ఆచారం తప్పినట్టు, తలుపు బయట కాపలా ఉన్నది షెమెనో మనిషి, వింటే పోయినట్టే, ఇవాళే కాదు, ఇంకెప్పుడూ డాలు ఎక్కనివ్వరు.

“సరే, ఇంకోలా అడుగుతా. విప్పనా?”

ఒకటి కొట్టింది. రెండోది కొట్టాలి. కొట్టాలా? కొడితే, విప్పవద్దంటే, అతను ఎక్కడు, గొడవే లేదు, ఎవరికీ చెంపదెబ్బ లేదు, ఇంత సులువా, ఇంతసేపూ తలబద్దలు కొట్టుకున్నది ఒక వేలి కణుపుతో తేలిపోతుందా? కానీ అతను వెనకాల నిలబడితే ఆ రెండు చేతులూ నడుం మీద, ఆ ఎత్తున, అందరూ చూస్తుండగా, అది కూడా ఎంత బాగుంటుంది, ఒక్క క్షణం అలా—

“సరే అయితే,” అన్నాడు అతను. అడుగుల చప్పుడు దూరమైంది.

ఆమె రెండోది కొట్టింది. వట్టి గోడకు. వేలు నొప్పి పుట్టింది. మళ్లీ కొట్టింది. ఇప్పుడు కొడితే ఎవరికి? నేనే విప్పమన్నానా? ఒకటి కొట్టింది విప్పమనా, రెండోదానికి ముందు వచ్చే ఒకటా? ఆమెకే తెలీదు. తన వేలు, తన గోడ, తన మొగుడు, అయినా తెలీదు. కిటికీ తలుపు తీసి చూద్దామంటే కాళ్లు నేలకు ఆనించకూడదు. చెయ్యి అందదు. కీర్తన ఆగిపోయింది. జలుబు సన్యాసి ఆఖరిసారి ఎగపీల్చాడు. తలుపు తెరుచుకుంది.

తివాచీ పరిచారు, గదిలోంచి డాలు దాకా, ఎర్ర ఉన్నిది, గరుకు. ఆమె నడిచింది. చర్చి నిండా జనం, తడిసిన కంబళ్ల వాసన, గొర్రెల వాసన, మైనం వాసన, ఎవరి చంకలోనో పిల్ల ఏడుపు. ఎటు చూడాలి? ఎవరో చెప్పారు. డాలు నేల మీద వెల్లకిలా పడుకోబెట్టిన పెద్ద తాబేలులా ఉంది. చుట్టూ దొరలు. దాని వెనకాల ఆర్నో, పెళ్లినాటి నీలం చొక్కా, కింద తెల్లటి వట్టి పాదాలు. చలికి ఒక పాదాన్ని రెండోదాని మీద పెట్టుకుని కొంగలా నిలబడ్డాడు. ఆమెను చూసి నవ్వాడు, నువ్వు చెప్పినట్టే చేశాను చూడు అన్నట్టు. ఆ నవ్వులో ఇంకేమైనా ఉందా అని వెతికింది. వెతకడానికి టైము లేదు. దొరల మధ్య ఏదో తప్పుగా ఉంది. ఒక సందు. పన్ను ఊడినచోటులా. పైలోయ కడియం నేల మీద పడి ఉంది, దాని దగ్గర ఎవరూ లేరు.

షెమెనో తాత దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. బెలాస్కో వెళ్లిపోయాడట. ఇప్పుడే, ఆర్నో వట్టి కాళ్లు చూసి. అక్కను ఎత్తుతానన్నాను గానీ ఉత్తరాదివాణ్ని కాదు అని, ప్రమాణం తప్పింది నేను కాదు అని, కడియం కిందపడేసి, మనుషులతో సహా గుర్రాలెక్కేశాడట. ఒక్క కడియం ఖాళీగా ఉన్నా డాలు లేవకూడదు. లేపితే చెల్లదు. ఇవాళ ఆపేసి, వాడితో మళ్లీ మాట్లాడి, వసంతంలో చూద్దాం తల్లీ, అన్నాడు. చూద్దాం అన్నాడు. ఆ మాట ఇంకొకరి నోట వింటే ఇలా ఉంటుందా? పాచిపోయిన నీళ్లలా. వసంతానికి బెలాస్కో ఎంతమందిని కూడగడతాడో తాతకు తెలీదా, తెలిసే అంటున్నాడా? అత్త స్తంభం పక్కన నిలబడి ఉంది, మొహం గోడలా, ఒక్క వెంట్రుకంత సాయం లేదు అందులో. అందరూ ఆమెనే చూస్తున్నారు. వానలో సరిహద్దు రాయి దగ్గర చూసినట్టు. కడుపులో ఆ వెచ్చదనం మళ్లీ, భయంతో కలిసి, ఏది ఏదో తెలియకుండా.

“ఆర్నో,” అంది. గొంతు పెద్దగానే వచ్చింది. “ఆ కడియం నువ్వు పట్టుకో.”

అతను నవ్వుతూనే ఉన్నాడు, ఇంకా అర్థంకాని నవ్వు. “నేను వెనకాల కదా?”

“కాదు.”

“పట్టుకుంటే ఏమవుతుంది?”

చెప్పకపోవచ్చు. చెప్పకపోతే అతను ఇప్పుడే వంగి పట్టుకుంటాడు, వెచ్చటి చేతులతో, ఏమీ అడగకుండా, ఆ తర్వాత ఎవరో గుర్రాలు తోమేవాడు చెబుతాడు. “పట్టుకున్నవాడు నా మనిషవుతాడు,” అంది. “పైలోయ నీదవుతుంది, నువ్వు నా మాట కింద ఉంటావు. చచ్చేదాకా. డాలు మీద మాత్రం నేనొక్కదాన్నే.”

అతని నవ్వు పోలేదు కానీ దాని లోపల్నుంచి ఏదో పక్కకు జరిగింది. అతను తన పాదాలు చూసుకున్నాడు. తర్వాత ఆమె పాదాలు చూశాడు. “నువ్వేగా విప్పమన్నావు,” అన్నాడు, మెల్లగా, అందరికీ కాకుండా, ఆమెకొక్కదానికే. ఆమె ఏం చెబుతుంది? ఒకటి కొట్టింది రెండోదాని కోసమని చెప్పనా, కాదని చెప్పనా, ఏది నిజమో తెలిస్తే కదా. తలుపు దగ్గర అతని అన్న పంపిన విలుకాళ్ల నాయకుడు చేతులు కట్టుకుని చూస్తున్నాడు, ఇతను తల తిప్పితే వాళ్లూ తిప్పుతారు. ఎక్కడో కొవ్వొత్తి చిటపటమంది.

“మరి బూట్లు వేసుకోవచ్చా?” అన్నాడు ఆర్నో.

ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత ఇంకెవరో, వెనక బల్లల దగ్గర ఆడవాళ్లు గొల్లుమన్నారు. వేసుకోవచ్చు, ఎత్తేవాళ్లందరూ బూట్లతోనే ఎత్తుతారు. కానీ అతను వేసుకోలేదు. ఎవరో బూట్లు తెస్తుంటే ఆగకుండా, వట్టి కాళ్లతోనే ఆ సందులోకి వెళ్లి, వంగి, పైలోయ కడియం పట్టుకున్నాడు. అది తమాషానా, దెబ్బనా, మాట ఇవ్వడమా? అతని మొహం కిందికి వంగింది, ఇంక కనబడదు. ఓనెకా డాలు ఎక్కింది. డాలు మీది తోలు చల్లగా, గట్టిగా, కాళ్ల కింద. షెమెనో తాత ఆమె వంక ఒక్క చూపు చూశాడు, మెచ్చుకోలో, తిట్టో, మీసం అడ్డమొచ్చింది. తర్వాత గొంతు సవరించుకుని, ఎవరిని ఎత్తుతున్నాం అని అరిచాడు. ఓనెకాను అంది ఓనెకా. తన పేరు తనకే కొత్తగా వినబడింది.

డాలు లేచింది. మోకాళ్లదాకా, నడుందాకా, భుజాలదాకా. ఆర్నో మిగతావాళ్లకన్నా పొడుగు, అటుపక్క ఎత్తైపోయి డాలు ఒరిగింది. జారింది ఆమె, ఒక అడుగు, జనం హా అన్నారు, పట్టుకోవడానికి వెనక ఎవరూ లేరు. చేతులు చాచి, మోకాళ్లు వంచి, నిలదొక్కుకుంది. నిలబడింది. చర్చి కప్పు దూలాల మీద పిచ్చుక గూడు ఉంది, ఇంత ఎత్తునుంచి అది కనిపిస్తుందని ఎవరూ చెప్పలేదు, ఇది మాత్రం నిజంగా ఎవరూ చెప్పలేదు. ఓనెకా, ఓనెకా అని కింద జనం. ఆ పేరు పక్కన ఇంకో పేరు లేదు. పైనుంచి చూస్తే తలలే, అన్నీ ఒకేలా, నడినెత్తి సుడులు, బట్టతలలు, వాటిలో ఒకటి ఆర్నోది. డాలు అటువైపు నుంచి సన్నగా వణుకుతోంది. ఆ వణుకు ఆమె అరికాళ్లలోంచి పైకి పాకుతోంది. చలికా? బరువుకా? కోపానికా? నవ్వుకా, నవ్వితే అతని భుజాలు అలాగే వణుకుతాయి. ఏడిస్తే ఎలా ఉంటాయో ఆమె ఇంకా చూడలేదు, పెళ్లయి ఎన్నాళ్లని.

దొరలు ఎదురుచూస్తున్నారు. దించమని పైనున్నవాళ్లే చెప్పాలి, అదే ఏలుబడిలో మొదటి ఆజ్ఞ. నాన్న, తనను ఎత్తిన మరుక్షణమే దించండి దించండి అన్నాడట, కళ్లు తిరిగి, ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుతారు. చెయ్యి నొప్పి పుడుతూ ఉంటుంది ఆర్నోకు, వట్టి కాళ్లు రాతి మీద. దించండి అనాలి. నాలుక మీదికి వచ్చేసింది. దిగితే అతని మొహం చూడాలి. చూస్తే తెలిసిపోతుంది, లేదా తెలియదు, ఎప్పటికీ తెలియదు. కింద వణుకు పెరిగింది. ఎవరో దొర ఆయాసంతో, “తల్లీ,” అన్నాడు, “దించమంటావా?”

“ఇంకాసేపు,” అంది ఓనెకా.

కడియాలు కిర్రుమన్నాయి. ఎవరూ దించలేదు.